నీలి డ్రమ్ములో సజ్జ రొట్టె

నేను ఒక నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్మును. పెద్దవాళ్ల నడుము దాకా వస్తాను. చిన్నపిల్లలు నాలోకి చూడాలంటే మునివేళ్ల మీద లేవాలి. ఆత్మకథ చెప్పుకునేంత గొప్ప పుట్టుక కాదు నాది. కిరీటాలూ కత్తులూ చెప్పుకునే కథలు వేరు. నా కథంతా జనం తిన్నదాని గురించీ, తినకుండా వదిలేసినదాని గురించీ. మనిషి బీరువాలో ఏం దాచుకున్నాడో చూస్తే అతను ఎలాంటివాడో తెలుస్తుందంటారు. బీరువాల సంగతి నాకు తెలియదు. పారేసినవి మాత్రం చాలా చూశాను. వాటిలో ఒకదాని గురించి మీకు చెప్పాలనిపించి నోరు విప్పాను. డ్రమ్ము నోరు ఎప్పుడూ విప్పే ఉంటుందనుకోండి.

పట్నం శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నీలం గుళికలను కరిగించి, మెత్తని గొట్టంలా సాగదీసి, రెండు ఇనుప అచ్చుల మధ్య పెట్టి గాలి ఊదారు. మనిషికి తొమ్మిది నెలలు పట్టే పని నాకు చాయ్ చల్లారేలోపు అయిపోయింది. పుట్టిన వేడి ఆరకముందే లారీ ఎక్కించారు.

మొదట పచ్చళ్ల కంపెనీకి వెళ్లాను. నా నిండా ఉప్పులో ఊరే మామిడి ముక్కలు పోసి మూత బిగించారు. అక్కడ ఒక్క ముక్క కిందపడినా ఎవరో ఒకరు వంగి తీసేవారు. ముక్కలు అయిపోయాక అడుగున మిగిలిన ఉప్పునీళ్లను కూడా పారబోయనివ్వలేదు. లోకమంతా ఇంతే జాగ్రత్తగా ఉంటుందని నేను అనుకున్నాను. కొత్తగా పుట్టినవాళ్లకు అలాంటి అపోహలు సహజం.

అక్కడి నుంచి ఒక ఫంక్షన్ హాలుకు చేరాను. మొదటి పెళ్లిలోనే నా అపోహ తీరిపోయింది. విస్తళ్లు పోయి ప్లేట్లు వచ్చిన కాలం అది. మనుషులు ప్లేటు నిండా పెట్టుకుని, నాలుగు మెతుకులు కతికి, ఫోటోకి నవ్వి, మిగిలినదంతా తెచ్చి నాలో వేసేవారు. "తక్కువైందన్న మాట రావద్దు" అని పెళ్లివారు వంటవాళ్లతో అనడం ఎన్నిసార్లు విన్నానో. పిలిచినవాడు పరువు కోసం వండించేవాడు. వచ్చినవాడు మర్యాద కోసం వడ్డించుకునేవాడు. ఇద్దరి పరువుమర్యాదలూ కలిసి నా కడుపులో పడేవి. తెల్లవారేసరికి పులిసిపోయేవి.

కొన్నేళ్లకు హాలు యజమాని పాత సామాను తీసేస్తూ, నన్ను దానం చేయాలనుకున్నాడు. హొన్నాపూర్ అనే ఊరి బడికి మంచినీళ్ల డ్రమ్ముగా నన్నిచ్చాడు. దాత పేరు పెద్ద ఎర్ర అక్షరాలతో నా పొట్ట మీద రాయించాడు. హెడ్మాస్టరు శివశరణప్ప సార్ ఆయనకు శాలువా కప్పి, చేతులు జోడించి, నాకు ఒక ఇత్తడి కుళాయి బిగించారు. ఆరో తరగతి పిల్లలు ఆ కుళాయిని పట్టుకుని ఊగారు. అది ఊడివచ్చింది. రంధ్రానికి చెక్కబిళ్ల బిగించారు కానీ నీళ్లు కారడం ఆగలేదు. చివరికి నన్ను వంటగది వెనక కానుగ చెట్టు కిందికి తోసి, ఎంగిలి డ్రమ్మును చేశారు. దాత పేరు మాత్రం చాలాకాలం అలాగే ఉంది. ఆయన ఆ తర్వాత మళ్లీ బడికి రాకపోవడం మంచిదే అయింది.

హొన్నాపూర్ కర్ణాటక సరిహద్దుకు దగ్గర. చుట్టూ ఎర్రనేలలు, నల్లరేగడులు, వాటిలో జొన్నలు, సజ్జలు, కందులు, పెసలు. ఊళ్లో తాతలు, అవ్వలు ఇంకా రొట్టెలే తింటారు. మనవలకు మాత్రం తెల్లబువ్వ కావాలి. బువ్వ తిన్నవాడు ఒక మెట్టు పైనున్నట్టు, రొట్టె తిన్నవాడు ఇంకా కిందే ఉన్నట్టు పిల్లల్లో ఎక్కడినుంచో ఒక నమ్మకం వచ్చిపడింది. ఎవరూ వాళ్లకు అలా నేర్పలేదు. అయినా నేర్చుకున్నారు.

అలాగని బడిలో పెట్టే బువ్వను తినేవారా అంటే, అదీ లేదు. మధ్యాహ్నం గంట కొట్టగానే వరసలో నిలబడేవారు. పెద్దవంటమనిషి లాలమ్మ అందరికీ ఒకే గంటెతో, ఒకే లెక్కన వడ్డించేది. సగం తిని, ఆటస్థలం ఎవరో ఆక్రమించేస్తారన్న తొందరలో పరుగున వచ్చి మిగిలినదంతా నాలో దులిపి పోయేవారు. వంకాయ ముక్కలు, పప్పు, మెతుకులు. ఒక్కోసారి కొరకని కోడిగుడ్డు కూడా పడేది. సాయంత్రానికి నేను నిండిపోయేవాణ్ని.

లాలమ్మ పళ్లాలు కడుగుతూ అనేది: "పొద్దుగాల సంది పొగల కండ్లు మండించుకుని వండితే, గీ డ్రమ్ము మంచిగ తింటుంది. బలిసిపోయింది సూడు."

నిజమే, నేను బలిసి ఉన్నాను. రోజూ సాయంత్రం గుండప్ప వచ్చి సైకిలుకు కట్టిన డబ్బాల్లో నన్ను ఖాళీ చేసుకుని పోయేవాడు. ఆయన బర్రెలు ఆ చుట్టుపక్కల అన్నిటికంటే నిగనిగలాడేవి. అన్నం వృథా పోవడం లేదులే అని అందరికీ ఒక ఊరట. నాకు మాత్రం లేదు. పిల్లల కోసం వండింది బర్రెల కడుపులోకి పోతే, పిల్లల కడుపులోకి ఏం పోతున్నట్టు?

ఇక కావేరి గురించి చెప్పాలి.

కావేరి ఏడో తరగతి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జడ చివర నోట్లో పెట్టుకుని ఆలోచించే పిల్ల. తండ్రి లేడు. తల్లి తుల్జమ్మ కూలికి పోయేది. ఎండాకాలం సెలవులకు ముందు బడికి నర్సు వచ్చి పిల్లలందరికీ రక్తం చూసినప్పుడు, కావేరికి రక్తం బాగా తక్కువగా ఉందని చెప్పి, ఎర్రబిళ్లలు ఇచ్చింది. సజ్జలు, నువ్వులు, ఆకుకూరలు పెట్టమంది. తుల్జమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. బడి తెరిచినప్పటి నుంచి తెల్లవారుజామున లేచి, నువ్వులు అద్దిన సజ్జ రొట్టె కాల్చి, మధ్యలో పుంటికూరో వెల్లిపాయ కారమో పెట్టి, నాలుగు మడతలు వేసి, పేపర్లో చుట్టి ఇచ్చేది. పొట్లంలో ఒక ఎర్రబిళ్ల కూడా పెట్టి "ఇంటర్వెల్‌ల రొట్టె తిని, బిళ్ల ఏసుకో" అని చెప్పి పంపేది.

కావేరి మొదట్లో తినేది. ఒకరోజు ఇంటర్వెల్‌లో అమ్మాయిలంతా చిప్స్ పొట్లాలు విప్పుకుని కూర్చుంటే, తను రొట్టె విప్పింది. అశ్విని అనే పిల్ల చూసి, "మీ ఇంట్ల ఇంకా సజ్జలే తింటరా? మా తాత కోళ్లకు ఏస్తడు" అంది. అందరూ నవ్వారు. అశ్విని చెడ్డపిల్ల కాదు. నవ్వించగల మాట నోటికొస్తే ఆపుకోలేకపోయేది, అంతే. కానీ కావేరి మరునాడు వంటగది వెనక్కి వచ్చింది. అటూ ఇటూ చూసి, పొట్లం విప్పి, రొట్టెను నాలో వేసింది. బిళ్ల కడుపులో వికారం పెడుతుందని, దాన్ని కూడా రొట్టె మడతలోనే పెట్టి వేసింది. పేపరును ఉండచేసి గోడ అవతలికి విసిరింది.

ఆ రొట్టె నా అడుగున పడినప్పుడు ఇంకా గోరువెచ్చగా ఉంది.

అది మొదలు, రోజూ ఇంటర్వెల్‌లో ఆ పిల్ల రావడం, రొట్టె వేసి పోవడం. తర్వాత మధ్యాహ్నం బువ్వ, పప్పు, వంకాయలు దాని మీద పడేవి. సాయంత్రం గుండప్ప వచ్చి అంతా ఎత్తుకుపోయేవాడు. చూసింది నేనొక్కణ్నే. నేను చెప్పలేను. డ్రమ్ముగా పుట్టినందుకు బాధపడిన రోజులు నాకు కొన్ని ఉన్నాయి. అవన్నీ ఆ రోజులే.

పంద్రాగస్టు కోసం డ్రిల్లు నేర్పుతుండగా కావేరి ఎండలో నిలబడినచోటే కూలిపోయింది. సైన్సు చెప్పే ఫర్హానా మేడం ఆ పిల్లను భుజాన వేసుకుని వంటగదిలోకి తెచ్చి, నీళ్లు చల్లింది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయని లాలమ్మ అనడం నాకు వినిపించింది. కబురు అందుకుని తుల్జమ్మ చేనులోనుంచి ఆ బురదకాళ్లతోనే పరుగెత్తుకొచ్చింది.

అప్పుడే వంటగదిలో రెండో మనిషి, కూతురి కాన్పు కోసం ఊరికి పోయి ఉంది. శివశరణప్ప సార్ ఆలోచించి, "నువ్వు ఈడనే లాలమ్మకు తోడుండు. పొద్దంత పిల్ల కండ్ల ముందట ఉంటది" అన్నారు. తుల్జమ్మ కూలి మానేసి బడి వంటగదికి వచ్చింది.

ఆమె వచ్చాక నా కష్టం ఇంకా పెరిగింది. ఆమె రోజూ నా పక్కనే కూర్చుని బియ్యం ఏరేది, ఉల్లిగడ్డలు కోసేది. కావేరి ఇప్పుడు ఇంకా జాగ్రత్తపడింది. తల్లి లోపల పొయ్యి దగ్గర ఉన్నప్పుడే వచ్చేది. తర్వాత తుల్జమ్మ అడిగేది: "తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"బిళ్ల ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

నా అడుగున రొట్టె ఉండేది.

ఆ నెలలో మళ్లీ రక్తం చూపిస్తే, మునుపటికంటే తగ్గింది. మండలం ఆసుపత్రి డాక్టరు, పాపం, అడగవలసిందే అడిగాడు: రోజూ బిళ్లలు వేసుకుంటోందా, తింటోందా అని. అన్నీ చేస్తోందని తుల్జమ్మ చెప్పింది. అలాగైతే లోపల ఇంకేదైనా ఉందేమో చూడాలి, పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చాడు.

ఆ సాయంత్రం తుల్జమ్మ నా అంచు మీద చెయ్యి ఆనించి నిలబడి లాలమ్మతో మాట్లాడింది. 

"మా అక్క ఇట్లనే లాలమ్మా. గింత వయసే. ఇట్లనే తెల్లగైంది, ఇట్లనే కిందపడ్డది. రక్తం పుడుతలేదన్నరు. మళ్లొచ్చిన జొన్నకోతలు సూడలే."

"అందరిదీ ఒక్కతీరు ఉండదే. పట్నం పోయినంక తెలుస్తది."

"ఏం తెలుస్తదో అనే భయం" అంది తుల్జమ్మ.

పట్నం పోవలసినరోజు దగ్గరపడింది. ఆమె ఎవరితోనూ ఎక్కువ మాట్లాడటం మానేసింది. రొట్టెలు మాత్రం మానలేదు. ఇంకా ఎక్కువ నువ్వులు అద్దేది. బెల్లం ముక్క కూడా పెట్టేది. అదంతా నాలో పడుతూనే ఉంది.

వాళ్లు పట్నం బస్సు ఎక్కవలసిన దానికి ముందురోజు, గుండప్ప రాలేదు. ఆయన బర్రె ఈనుతోందని, ఇంటి దగ్గరే ఉండిపోయాడని ఎవరో చెప్పారు. నిండిన డ్రమ్మును అలాగే వదిలేస్తే తెల్లారేసరికి పురుగు పడుతుంది. లాలమ్మ అప్పటికే ఇంటికి పోయింది. తుల్జమ్మ చీర కొంగు బిగించి, నన్ను పక్కకు వంచి, గోడవారన తవ్విన గుంతలోకి నాలో ఉన్నదంతా ఒంపసాగింది. ముందు పప్పు నీళ్లు పోయాయి. తర్వాత బువ్వ జారింది. అడుగున అంటుకున్నది రాకపోతే, ఆమె చేత్తో లాగింది.

ఆమె చేతిలోకి రొట్టె వచ్చింది.

నాలుగు మడతల సజ్జ రొట్టె. తడిసి ఉబ్బింది కానీ నువ్వులు ఇంకా అంటుకునే ఉన్నాయి. ఆమె దాన్ని విప్పింది. లోపల పొద్దున ఆమె పెట్టిన పుంటికూర, దాని మధ్యలో సగం కరిగి, రొట్టెకంతా రంగు అంటించిన ఎర్రబిళ్ల.

నేను పక్కకు ఒరిగి ఉన్నాను. ఆమె ముఖం నాకు బాగా కనిపించింది. కోపం వస్తుందనుకున్నాను. తల్లి చెమటోడ్చి చేసింది ఎంగిలిలో దొరికితే ఏ తల్లికైనా కోపం వస్తుంది కదా. ఆమె మాత్రం గుంత పక్కనే చతికిలబడి, ఆ రొట్టెను ఒళ్లో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ ఉండగానే కళ్లనుంచి నీళ్లు కారిపోతున్నాయి.

చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వచ్చిన ఫర్హానా మేడం చూసి భయపడింది. "ఏమైంది తుల్జమ్మా?"

"రోగం కాదు మేడం" అంది తుల్జమ్మ. "నా బిడ్డకు రోగం లేదు. తింటలేదు, గంతే. తింటలేదు."

రొట్టెను చాచి చూపించింది. మేడంకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఎర్రమరక చూశాక ఆమె కూడా తుల్జమ్మ పక్కన, ఆ తడి నేల మీదే, చీర సంగతి మరిచిపోయి కూర్చుంది.

"ఎందుకు పారేసినవని నేనే అడుగుతా దాన్ని" అంది మేడం.

"వద్దు మేడం. మీరు అడగకుండ్రి. పదిమందిల సిగ్గుపడే ఇది జేసినట్టుంది. ఇంకింత సిగ్గుపెడితే ఇంకేడనో పారేస్తది. నేను సూసుకుంట."

మరునాడు పట్నం వెళ్లలేదు. ఫర్హానా మేడం తోడుగా మండలం డాక్టరు దగ్గరికే పోయి, జరిగింది చెప్పారు. ఆయన తలపట్టుకుని, చిన్నగా నవ్వి, ముందు ఈ పిల్లకు నిజంగా తినిపించి, బిళ్లలు నిజంగా మింగించి, అప్పుడు మళ్లీ రమ్మన్నాడు. బిళ్ల ఖాళీ కడుపున వేస్తే వికారం పెడుతుందనీ, తిన్నాక వేసుకుంటే పెట్టదనీ కూడా చెప్పాడు. ఇదంతా తుల్జమ్మ లాలమ్మకు చెబుతుంటే విన్నాను. కావేరికి మాత్రం పట్నం పోవడం వాయిదా పడిందని చెప్పారట.

ఆ తర్వాతి ఇంటర్వెల్. కావేరి పొట్లం పట్టుకుని వంటగది మూల తిరిగింది. నా పక్కన బక్కెట్ బోర్లించుకుని తుల్జమ్మ కూర్చుని ఉంది. ముందర చేట, చేటలో బియ్యం.

పిల్ల ఆగిపోయింది. పొట్లం వెనక్కి దాచుకోవాలో, ముందుకు చాచాలో తెలియక నిలబడింది.

తుల్జమ్మ తల ఎత్తకుండా బియ్యంలో రాయి ఏరి పడేసి, "ఆకలైతుంది బిడ్డా. పొద్దుగాల నేనేం తినలే. సగం నాకియ్యి" అంది.

కావేరి కదల్లేదు.

"ఏందే, అమ్మకు పెట్టవా?"

కావేరి వచ్చి పక్కన కూర్చుంది. పొట్లం విప్పి రొట్టెను రెండు ముక్కలు చేసింది. ఇద్దరూ తిన్నారు. తుల్జమ్మ చివరి బుక్క నములుతూ, "ఇగ బిళ్ల ఏసుకో" అని నీళ్ల చెంబు ఇచ్చింది. అంతకు మించి ఒక్క మాట లేదు. గంట కొట్టాక పిల్ల లేచి తరగతికి వెళ్లింది. ఆమె పోయాక తుల్జమ్మ చేతిని నా అంచు మీద వేసింది. తర్వాత మళ్లీ చేట ముందుకు లాక్కుంది.

ఆ తర్వాత రోజూ ఇంటర్వెల్‌లో ఇద్దరూ కానుగ కింద కూర్చుని తినేవారు. కావేరి ఎక్కడికి పోతోందో చూద్దామని ఒకరోజు అశ్విని వెంట మరో ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. తుల్జమ్మ వాళ్లకూ ఒక్కో తుంపు పెట్టింది. పెద్దలు ప్రేమగా పెడితే వద్దనడం ఆ వయసు పిల్లలకు రాదు. అశ్విని నమిలి, "మా అవ్వ చేసినట్టే ఉంది" అంది. కోళ్ల మాట ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా తరగతి గది కిటికీలోంచి ఫర్హానా మేడం చూసేదట. ఆమె మరో మూడు రోజులకు ఏడో తరగతిని తీసుకొచ్చి నా చుట్టూ నిలబెట్టింది. నా చుట్టూ పాఠం జరుగుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. వాసనకు పిల్లలు ముక్కు మూసుకున్నారు.

"ఇదంతా ఎవరిది?" అని అడిగింది.

"గుండప్ప బర్రెలది" అన్నాడు వెనకనుంచి ఒకడు. అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వింది.

"సరే. బర్రెలకు పోకముందు ఎవరిది?"

మేడం సుద్దముక్క తీసుకుని నాలో ఎంగిలి ఎంతవరకు ఉందో బయట నా పొట్ట మీద ఒక గీత గీసింది. "రేపు ఈ గీత ఎక్కడ ఉంటుందో మీరే గీయండి. నేను ఎవరినీ తిట్టను. ఎందుకు పారేస్తున్నారో మాత్రం నిజం చెప్పండి" అంది.

తిట్టరని తెలిశాక నిజాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. చిన్నవాళ్లకూ పెద్దవాళ్లకూ ఒకే గంటె పెడితే చిన్నవాళ్లు తినలేకపోతున్నారు. ఆటస్థలం పోతుందని తొందర. వంకాయ గింజలు గొంతులో గుచ్చుకుంటున్నాయి. పప్పులో నీళ్లు ఎక్కువ. ఈ చివరిమాటకు లాలమ్మ మూతి తిప్పుకుంది కానీ, మరునాటి నుంచి పప్పు చిక్కబడింది. ముందు ఆట, తర్వాత తిండి అని గంటలు మార్చారు. మొదట సగం గంటె పెట్టి, మళ్లీ కావాలంటే మళ్లీ పెట్టడం మొదలైంది. "అడిగితే పెడుతరా?" అని మూడో తరగతి పిల్ల ఒకామె నమ్మలేనట్టు అడిగింది. లాలమ్మ ఆ పిల్ల బుగ్గ గిల్లి, రెండుసార్లు పెట్టింది.

నా పొట్ట మీద గీతలు కిందికి దిగుతూ వచ్చాయి. దాత ఎర్ర అక్షరాల మీదుగా దిగాయి. వాటిని తుడుస్తూ, మళ్లీ గీస్తూ ఉంటే ఆయన పేరు కూడా కాస్త కాస్తగా పోయింది. ఖాళీగా ఉండటంలో ఇంత హాయి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

గుండప్పకు మాత్రం ఇబ్బంది అయింది. ఒక సాయంత్రం నాలోకి తొంగిచూసి మేడం దగ్గరికి నడిచాడు.

"మీ పిల్లలు గిట్ల తినుకుంట పోతే నా బర్రెలు ఉపాసముండాలె గద మేడం."

"పొట్టు, తొక్కలు, కడుగునీళ్లు మీయే గుండప్పా. పిల్లల బువ్వ మాత్రం పిల్లలు తింటరు."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే గాని, నా సజ్జచేన్ల కలుపు తియ్యనీకె కూలోళ్లు దొరుకుతలేరు. పిల్లల్ని తోల్కరాండ్రి. ఆ కలుపుల సగం కూరాకే. నాకు కలుపు పోతది, మీకు కూరొస్తది" అన్నాడు. ఏదీ ఊరికే ఇవ్వని మనిషి ఆయన. కానీ ఆయన ఇచ్చిన ఆ సలహా వల్లే మంచి జరిగింది.

శనివారం మధ్యాహ్నం పిల్లలు చేనుకు పోయారు. నేను పోలేను కనుక, తిరిగొచ్చాక వాళ్లు చెప్పుకున్నదే నాకు తెలుసు. అందరికంటే ఎక్కువ ఆకుల పేర్లు తెలిసినది అశ్వినికట. తుమ్మికూర, సన్నవాయిలి, దొగ్గలి, ఎలుకచెవి కూర అంటూ ఒక్కొక్కటే చూపించిందట. చిన్నప్పుడు అవ్వ వెంట చేనుకు పోయేదట. "నువ్వు చెప్పనే లేదు గదనే" అని కావేరి అడిగితే, "మీరు నవ్వుతరని" అందట. ఆ మాట కావేరి తల్లితో చెబుతూ తనే చాలాసేపు ఆలోచనలో పడింది.

ఆ కూర వండటానికీ, దానితో రొట్టెలు చేయడానికీ శివశరణప్ప సార్ మొదట ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. "మెనూల రొట్టె లేదు మేడం. ఎవరన్న వచ్చి అడిగితే నేనేం చెప్పాలె?"

"మెనూలో పారబొయ్యమని కూడ లేదు సార్. ఇన్నేళ్లు పారబోసినం. ఎవరూ అడగలేదు."

సార్ చివరికి బువ్వ యథాప్రకారం వండి, రొట్టె దానికి అదనంగా పెట్టుకోమన్నారు. పిల్లలు ఇంటినుంచి తలా పిడికెడు పిండి తెచ్చారు. జొన్నపిండి, సజ్జపిండి, కలిసిపోయి ఏ పిండో తెలియనిది. తుల్జమ్మ, లాలమ్మ, ఇంకో ఇద్దరు తల్లులు కానుగ కింద పొయ్యిలు పెట్టుకున్నారు. అరచేతుల మధ్య రొట్టె తిరుగుతూ పెద్దదవుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. మగపిల్లలు తామూ చేస్తామని కూర్చున్నారు. వాళ్ల రొట్టెలకు ఏ దేశపటమూ పోలిక రాలేదు. అయినా వాటినే ముందు తిన్నారు. శివశరణప్ప సార్ రుచి చూడటానికని ఒక ముక్క తీసుకుని, తలుపు చాటుకు పోయి ఇంకో రెండు తిన్నారు. నేను వంటగది వెనక ఉన్నాను కనుక చూశాను.

ఆ రోజు మేడం గీత గీయడానికి వచ్చి, నాలోకి వంగి చూసి, సుద్దముక్కను అలాగే చేతిలో పట్టుకుని వెళ్లిపోయింది. గీయడానికి ఏమీ లేదు. అప్పటినుంచి శనివారం శనివారం రొట్టెలయ్యాయి.

చలికాలంలో నర్సు మళ్లీ వచ్చింది. వంటగది వరండాలోనే బల్ల వేసుకుని కూర్చుంది. కావేరి వేలు గుచ్చి, చుక్క తీసి, చిన్న యంత్రంలో పెట్టి చూసింది. తుల్జమ్మ చేతిలో గంటె ఉంది. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. లాలమ్మ దాన్ని తీయకుండా తుల్జమ్మనే చూస్తోంది.

"పర్వాలేదు. మంచిగ ఎక్కింది. ఇట్లనే తినిపియ్యండి" అంది నర్సు, తర్వాతి పిల్లను పిలుస్తూ.

తుల్జమ్మ లోపలికి పోయి పొంగిన పప్పు దింపింది. తర్వాత వెనకవైపుకు వచ్చి, నా పక్కన గోడకు ఆనుకుని నిలబడి, ఎన్నాళ్లనుంచో బిగబట్టుకున్న ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎంత పొడుగ్గా ఉందంటే, నేను కూడా దానితోపాటే వదిలినట్టనిపించింది.

ఆ తర్వాతి ఎండాకాలంలో నా అడుగు పగిలింది. ఎండకు ప్లాస్టిక్ పెళుసుబారిపోయింది. పాత సామాన్ల బండికి వేసేద్దామని సార్ అన్నారు. తొక్కలకూ పొట్టుకూ ఒక చిన్న స్టీలు బక్కెట్ చాలని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. తుల్జమ్మ అడ్డుపడింది. ఆమె ఇప్పుడు వంటగదిలో పక్కా మనిషి. నన్ను బాగా తోమి, బూడిదతో మళ్లీ తోమి, కానుగ కింద బోర్లించింది. శనివారాల్లో నా మీద పిండి తాంబాళం పెడుతుంది. మిగతా రోజుల్లో పిల్లలు ఎక్కి కూర్చుంటారు. బోర్లించిన డ్రమ్ములో ఎవరూ ఏమీ పారేయలేరు. నా వయసులో ఇంతకంటే పెద్ద గౌరవం నేను కోరను.

మొన్న ఒక శనివారం పొద్దున. కావేరి ఇప్పుడు తొమ్మిదో తరగతి. నా మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. మడమలు నా పొట్టకు తగులుతున్నాయి. బరువు బాగానే ఉంది. తుల్జమ్మ పక్కన పీట మీద కూర్చుని రొట్టె తడుతోంది.

"అమ్మా, నీకొకటి చెప్తా. తిట్టొద్దు."

"చెప్పు."

"ఏడో తరగతిల నువ్వు ఇచ్చిన రొట్టెలు తినకపోతుంటి. పారేస్తుంటి."

తుల్జమ్మ చేతులు ఆగలేదు. "ఎరికె" అంది.

కాళ్లు ఊపడం ఆగిపోయింది. "ఎరికెనా? ఎట్ల?"

"ఒకనాడు దొరికింది."

"మరి ఎందుకు తిట్టలేదు?"

తుల్జమ్మ రొట్టెను పెనం మీద వేసి, తడిచేత్తో దాని మీద నీళ్లు పూసింది. "ఆనాడు తిట్టనీకె తీరలే. సంబురమైంది."

"రొట్టె పారేస్తే సంబురమా?"

"నువ్వు బతుకుతవని తెలిస్తే సంబురం కాదా?"

కావేరి నా మీదినుంచి దిగింది. తల్లి పక్కన కూర్చుంది. పెనం మీద రొట్టె పొంగింది. తుల్జమ్మ దాన్ని తీసి ఇవ్వబోతే, కావేరి అందుకుని, వేడికి వేళ్లు ఊదుకుంటూ రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క తల్లి చేతిలో పెట్టింది.